రెండు నిమిషాల థ్రిల్లర్ నేర్పే విజయవాడ వర్క్‌షాప్: ఆరు వేలకి తగ్గట్టుందా?

ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర ఇస్తాను. అందులో రెండు పూర్తిగా సౌండ్ క్లాసుకీ ఎడిటింగ్ టేబుల్‌కీ, మిగతాది కెమెరా సార్ ఓపికకి. పోయిన ఒకటిన్నర ఎందుకు పోయిందో కింద వివరంగా రాశాను. అంతా చదివే తీరిక లేనివాళ్లకి ఒక్క ముక్క: మీ దగ్గర కథ ముందే ఉంటే చేరండి, కథ కూడా వాళ్లే ఇస్తారులే అనుకుంటే మాత్రం వద్దు.

మొగల్రాజపురం వైపు ఒక మేడ మీద నడుపుతున్నారు. పేరు రాయను. ఊళ్లో ఇలాంటివి ఇప్పుడు బాగానే పుట్టుకొచ్చాయి, నేను చెప్పేవాటిలో సగం దేనికైనా వర్తిస్తాయి, ఎక్కడ చేరేముందైనా ఇవే అడగండి. నాలుగు వారాలు, శని ఆదివారాలు మాత్రమే, ఫీజు ఆరు వేలు, గ్రూపుకి ఐదుగురు, చివరి ఆదివారం ప్రతి గ్రూపూ తను తీసిన రెండు నిమిషాల థ్రిల్లర్ ఓపెనింగ్ వేసి చూపించాలి. కెమెరా, లైట్లు, మైకులు, ఎడిటింగ్ సిస్టం వాళ్లవే. మేం డిగ్రీలో జర్నలిజం, ప్రాజెక్టుకి ఎలాగూ ఒక వీడియో కావాలి, అందుకని చేరాం.

ఓపెనింగ్ అంటే షార్ట్ ఫిల్మ్ కాదు, ఇక్కడే చాలామందికి తేడా కొడుతోంది. ఎక్కడో ఒక పూర్తి సినిమా ఉందనుకుని దాని మొదటి రెండు నిమిషాలు, టైటిల్స్‌తో సహా తీయాలన్నమాట. ఇంగ్లండ్‌లో మన ఇంటర్ వయసు పిల్లలకి మీడియా స్టడీస్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది, అక్కడ ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు సరిగ్గా ఈ పనే ఇచ్చేది: కొత్త సినిమాకి టైటిల్సూ ఓపెనింగూ తీయండి, రెండు నిమిషాలు దాటొద్దు, మ్యూజిక్ మీరే చేసుకోండి లేదా కాపీరైట్ లేనిది వాడండి అని. వీళ్ల కోర్సు దాన్ని చూసి కట్టుకున్నదే, ఆ సంగతి దాచలేదు కూడా, మొదటి రోజే చెప్పారు. నాకైతే మంచి ఎంపిక అనిపించింది. మన కుర్రాళ్లు షార్ట్ ఫిల్మ్ అనగానే చివర్లో అదంతా కల అనో, హంతకుడు పక్కనున్న ఫ్రెండే అనో తేల్చేస్తారు, ఆ ట్విస్టు కోసమే ముందరి పది నిమిషాలూ సాగదీస్తారు. ఇక్కడ ఆ వీలు లేదు. రెండు నిమిషాలంటే సెకనుకి 25 ఫ్రేముల (విడి బొమ్మల) లెక్కన మొత్తం మూడు వేల ఫ్రేములు, అందులో టైటిల్స్ పోగా మిగిలిన దాంట్లో ఒకే ఒక్క ప్రశ్న లేపి వదిలేయాలి, జవాబు చెప్పకూడదు. మా బ్యాచ్‌లో ఒక గ్రూపు మాత్రం ఎంత చెప్పినా వినకుండా హంతకుడిని పట్టుకుని, జైల్లో వేసి, కారణం కూడా చెప్పించేసింది, రెండు నిమిషాల్లోనే! అదీ ఒక ప్రతిభే అనుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. రెండో క్లాసులో ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెడతారు, పైన 'థ్రిల్లర్ కన్వెన్షన్లు' (థ్రిల్లర్లలో మామూలుగా వాడే పద్ధతులు) అని హెడ్డింగ్, కింద ఒక పేజీకి సరిపడా జాబితా. తక్కువ వెలుతురు, ఒక పక్క నుంచే పడే లైటు, పొడవాటి నీడలు, ముఖం కనపడకుండా హుడీ, కత్తి, చేతుల క్లోజప్, తెలియని నంబర్ నుంచి ఫోను, ఖాళీ కారిడార్లో పరుగు, అద్దంలో ఎవరో, గోడ గడియారం, ఒరిగిపోయిన ఫ్రేము, గుండె చప్పుడు, వణికే తెల్ల అక్షరాల టైటిల్స్. కాగితంలో తప్పేం లేదు, నిజంగానే థ్రిల్లర్లలో ఇవన్నీ ఉంటాయి, చూసేవాళ్లు వీటిని బట్టే ఇది థ్రిల్లర్ అని గుర్తుపడతారు. గొడవ ఏంటంటే దాని తర్వాత పాత బ్యాచ్‌ల వాళ్లు తీసినవి వరసగా వేసి చూపించారు, అన్నిట్లోనూ అదే హుడీ, అదే ప్లాస్టిక్ కత్తి, అదే మేడ మెట్లు. ఆ హుడీ వర్క్‌షాప్ వాళ్లదేనట, మేకుకి తగిలించి ఉంది, అడిగినవాళ్లకి ఇస్తారు. మే నెలలో బెజవాడలో, ఊరికే నిలబడితేనే చొక్కా తడిసిపోయే ఎండలో, నల్ల హుడీ వేసుకుని ఒకడు సందులో నడుస్తుంటే చూసేవాడికి భయం వేయదు, వీడికి జ్వరమేమో అనిపిస్తుంది.

కథ క్లాసు చెప్పే ఆయన ఇక్కడ ఆగి, జాబితాలో ఒక్కోటీ ఏం పని చేస్తోందో చెప్పి ఉంటే నేను ఈ కోర్సుకి నాలుగు దాకా ఇచ్చేదాన్ని. ఆయన చెప్పలేదు, 'వీటిల్లో కనీసం ఆరు వాడండి' అని వదిలేశారు. హుడీ ఎందుకు? ముఖం దాచడానికి. మరి ముఖం దాచడానికి మన ఊళ్లో ఏమున్నాయి? బైకు దిగినా తీయని హెల్మెట్ ఉంది. జనవరి పొద్దున్నే మంకీ క్యాప్ ఉంది. అన్నిటికన్నా ఎండాకాలం మధ్యాహ్నం బందరు రోడ్డు మీద చూడండి, చున్నీ ముఖమంతా చుట్టుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, మోచేతుల దాకా గ్లౌజులు తొడుక్కుని స్కూటీల మీద ఎంతమంది ఆడవాళ్లు వెళ్తుంటారో. ఒక్కరి ముఖమూ కనపడదు, ఒక్కరి మీదా ఎవరికీ అనుమానం రాదు. అందులో ఒక స్కూటీ మూడు సిగ్నళ్ల నుంచీ మన వెనకే వస్తోందని చూపించండి చాలు, హుడీ అక్కర్లేదు, చీకటి కూడా అక్కర్లేదు. ఇది మా గ్రూపులో కెమెరా పట్టిన అమ్మాయి ఐడియా, రోడ్డు మీద తీయడానికి ధైర్యం చాలక వదిలేశాం, ఎవరైనా తీస్తే తీసుకోండి, ఉచితం.

అలాగని జాబితా మొత్తాన్ని చెత్తబుట్టలో వేస్తే కూడా కుదరదు, ఈ మాట కథ సార్ తరఫునే చెప్తున్నాను. మా స్క్రిప్టు చూసి ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: 'ఇది థ్రిల్లర్ అని జనానికి ఎలా తెలుస్తుందమ్మా, ఫ్యామిలీ సినిమా అనుకుంటే?' అప్పుడు కోపం వచ్చింది కానీ న్యాయమైన ప్రశ్నే. థియేటర్లో కూర్చున్నవాడికి మనం మొదటి అరనిమిషంలోనే ఒక మాట ఇవ్వాలి, ఇదిగో ఇలాంటి సినిమా చూడబోతున్నావు, ఒళ్లు దగ్గర పెట్టుకుని చూడు అని. అది ఇవ్వకపోతే అతను మా ఓపెనింగ్‌లో (కథ కింద చెప్తాను) గుమ్మం ముందున్న ఎవరివో చెప్పులని చెప్పులుగానే చూస్తాడు. నా మటుకు నాకు తేలింది ఇది: లైటు, సౌండు, ఫ్రేము, కట్, టైటిల్స్ ఇవి జానర్ (ఆ రకం సినిమాల) పద్ధతిలోనే ఉంచాలి, అక్కడ తెలివి చూపించకూడదు. ఫ్రేములో పెట్టే వస్తువులు, మనుషులు, ఇల్లు, మాటలు మాత్రం మనవి అయ్యుండాలి. ఆ వర్క్‌షాప్‌లో చూసిన వాటిలో దాదాపు అన్నీ దీనికి రివర్స్: వస్తువులన్నీ బయట నుంచి తెచ్చినవి, లైటేమో మామూలు ట్యూబ్‌లైటు.

లైటు అన్నాను కదా, కెమెరా సార్ గురించి చెప్పాలి. మనిషి తక్కువ మాట్లాడతాడు, అడిగినదానికి చేసి చూపిస్తాడు. మన ఇళ్లల్లో చీకటి తీయడం ఎంత కష్టమో ఆ క్లాసులోనే తెలిసింది. గోడలు తెలుపో లేత పచ్చో ఉంటాయి, ఎక్కడ ఒక్క లైటు పెట్టినా గది మొత్తం తిరిగి వెలిగిపోతుంది, నీడ అనేదే మిగలదు. ఆయన చేసిన పని, మనిషిని గోడకి దూరంగా, గది మధ్యకి జరిపి, లైటుని పక్క నుంచి కొట్టి, గోడ మీద పడే వెలుతురుని నల్ల చార్టుతో ఆపేయడం. కిటికీలకి దుప్పట్లు. అంతే, పదిహేను నిమిషాల్లో హాలు పోలీస్ స్టేషన్‌లా తయారైంది. లైట్లన్నీ ఆర్పేసి తీస్తే చీకటి రాదని, బొమ్మంతా గింజలు గింజలుగా పాడవుతుందని, వెలుతురు ఎక్కడుండాలో ముందు తేల్చుకుని మిగతాది వదిలేయాలని కూడా చూపించారు. ఇంకోటి, ఫోన్లో తీసేవాళ్లందరికీ పనికొస్తుంది: మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ తిరుగుతుంది, అటొకసారి ఇటొకసారి లెక్కన పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు మిణుకుమంటుంది, కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. ఫోను మామూలుగా ఉండే 30 ఫ్రేములు, 1/60 షట్టర్‌లో (ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడే సమయం, సెకనులో అరవయ్యో వంతు) తీస్తే బొమ్మ మీద నల్ల పట్టీలు పాకుతుంటాయి, అదే 25 ఫ్రేములు, 1/50 పెడితే పోతాయి. మేం కాలేజీ ఫంక్షన్లలో తీసిన వీడియోల్లో ఆ పట్టీలు ఎందుకొచ్చేవో అన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

అయితే సామాన్లు మాత్రం అధ్వానం. రెండు ఎల్ఈడీ ప్యానెల్స్‌లో ఒకటి ఐదు నిమిషాలకోసారి ఆరిపోతుంది, బ్యాటరీ పాతదట. నాలుగు గ్రూపులకి ఒకటే మంచి కెమెరా, మన వంతు వచ్చేదాకా మెట్ల మీద కూర్చోవాలి. ఏసీ ఎడిటింగ్ గదిలో మాత్రమే ఉంది, మే నెల బ్యాచ్‌లో ఎవరూ చేరకండి, నవంబరు దాటాక చూసుకోండి.

సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బాంబు కథ చెప్పారు, సినిమా క్లాసుల్లో ఇది చెప్పనివాళ్లు ఉండరనుకుంటా, అయినా చెప్పాల్సిందే. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటున్నారు, బల్ల కింద బాంబు ఉంది. చూసేవాళ్లకి ముందు చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని, ఫలానా టైముకి పేలుతుందని ముందే చూపించి వాళ్లని మాట్లాడుకోనిస్తే పదిహేను నిమిషాల టెన్షన్. మన పిల్లలు తీసేవన్నీ మొదటి రకం, తలుపు తీయగానే 'భౌ' అనడం. రెండో రకానికి డబ్బులేమీ ఎక్కువ కావు, ఒక్క క్లోజప్ ముందుకి జరిపితే చాలు.

మా ఓపెనింగ్ దాని మీదే కట్టాం. సత్యనారాయణపురంలో మా పెద్దమ్మ వాళ్ల ఇల్లు, మా పిన్ని కూతురే హీరోయిన్. మిట్టమధ్యాహ్నం, అమ్మాయి కాలేజీ నుంచి వస్తుంది, గ్రిల్ గేటు తీసి గుమ్మం ముందు చెప్పులు విడుస్తుంది. అక్కడ అప్పటికే ఒక జత ఉంది, మగవాళ్లవి, బురద ఎండిపోయి ఉంది. తను ఫోన్లో మాట్లాడుతూ చూడదు, మనం చూస్తాం. లోపలికి వెళ్తుంది. ఫోన్లో వాళ్లమ్మ: 'నేనింకా బ్యాంకులోనే ఉన్నానే, వచ్చి కుక్కర్ పెడతాను, ఆకలేస్తే పెరుగన్నం ఉంది తిను.' కరెంటు పోతుంది, ఫ్యాన్ నెమ్మదిస్తూ ఆగిపోతుంది. ఒక్క క్షణం ఏ చప్పుడూ ఉండదు. వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తుంది. టైటిల్ పడుతుంది. అంతే సినిమా.

ఇది చూసి కథ సార్ 'మరి కత్తి ఎక్కడ?' అన్నారు. లేదు సార్ అన్నాం. 'కనీసం కూరగాయల కత్తి అయినా గట్టు మీద చూపించండి' అన్నారు. మేం చూపించలేదు, ఆయనకి ఇప్పటికీ మా మీద కొంచెం అలకే.

ఇప్పుడు సౌండ్ క్లాసు. దీని గురించి ఎంత రాసినా తక్కువే, ఈ ఒక్కదానికి విడిగా రెండు వేలు తీసుకుని నేర్పినా నేను కడతాను. నేర్పే ఆయన ఎక్కడెక్కడో డబ్బింగ్ స్టూడియోల్లో పనిచేసి సొంతూరికి వచ్చేసిన మనిషట. మొదటి మాటే, 'మన ఇళ్లల్లో ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, అందుకని ఆ చప్పుడు ఎవరికీ వినపడదు, ఆగినప్పుడే వినపడుతుంది' అని. గుండె చప్పుడు, కీచుమనే వయొలిన్ ఇలాంటివి ఇంటర్నెట్‌లో దొరికేవి తెచ్చి పెట్టుకోవడం కన్నా ఫ్యాన్ ఆపడం పెద్ద దెబ్బ అన్నారు, నిజంగానే అంతే. కాకపోతే ఫ్యాన్ తిరుగుతుండగా డైలాగ్ రికార్డ్ చేస్తే మాట పాడవుతుంది, తర్వాత కట్ చేసిన ప్రతిచోటా చప్పుడు ఎగిరెగిరి పడుతుంది. కాబట్టి షూటింగ్‌లో ఫ్యానూ ఫ్రిజ్జూ రెండూ ఆపి మాటలు తీసుకోవడం, ఆ తర్వాత ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ గది చప్పుడు తీసుకోవడం, ఆ తర్వాత ఫ్యాన్ ఒక్కదాన్నే విడిగా, తిరుగుతున్నప్పుడూ ఆగిపోతున్నప్పుడూ తీసుకోవడం, అన్నీ ఎడిటింగ్‌లో పొరలు పొరలుగా పేర్చడం. ఫ్యాన్ ఫ్రేములో కనపడే షాట్లకి మటుకు చప్పుడుతో పని లేదు, తిప్పుకోవచ్చు. ఖాళీ గది చప్పుడు తీస్తున్నప్పుడు మాకు మూడుసార్లు రైలు కూత అడ్డం వచ్చింది, బెజవాడలో రైలు వినపడని నిమిషం దొరకాలంటే అర్ధరాత్రి తీసుకోవాలి. సార్ దాన్ని కూడా వదలనివ్వలేదు, ఒక కూత దాచుకోమన్నారు, టైటిల్ కింద దూరంగా వాడాం.

కుక్కర్ సంగతి చెప్తాను. విజిల్ ఒక్కసారిగా రాదు, ముందు బుసబుసమని ఆవిరి మొదలై, పెరిగి, అప్పుడు కూస్తుంది కదా. ఆ బుస వాళ్లమ్మ మాటల కిందే సన్నగా మొదలుపెట్టించారు ఆయన, వంటిల్లు ఇంకా తెర మీదికి రాకముందే. బొమ్మ కన్నా సౌండ్ ముందు రావడాన్ని జె కట్ అంటారట. చూసేవాళ్లకి అది వినపడినట్టు కూడా తెలీదు, కానీ ఒంట్లో ఏదో మొదలవుతుంది. కరెంటు పోయినా గ్యాస్ పొయ్యి ఆగదు కదా, ఆ లాజిక్ కూడా సరిపోయింది. దాని కింద చాలా లోతుగా ఉండే ఒక 'ఊఁ' అనే గాలి లాంటి మ్యూజిక్, అది జాబితాలో ఉన్నదే, పూర్తిగా కన్వెన్షనే, అది తీసేసి ఒకసారి విన్నాం, సీన్ నిజంగానే ఫ్యామిలీ సినిమా అయిపోయింది. మళ్లీ పెట్టాం.

మ్యూజిక్ గురించి ఒక హెచ్చరిక: ఏదో హిట్ సినిమా బీజీఎం పెట్టేసి యూట్యూబ్‌లో వేస్తే కంటెంట్ ఐడీ (కాపీరైట్ ఉన్న మ్యూజిక్‌ని గుర్తుపట్టే వాళ్ల సిస్టం) దాన్ని పట్టేస్తుంది. యూట్యూబ్ వాళ్లదే ఆడియో లైబ్రరీ ఉంది, ఉచితం. ఫ్రీసౌండ్ అనే సైటులో తలుపులు, అడుగులు, వాన అన్నీ దొరుకుతాయి, కాకపోతే ఒక్కో ఫైలుకి లైసెన్స్ ఒక్కోలా ఉంటుంది, కొన్నింటికి పేరు వేయాలి, కొన్నింటికి అక్కర్లేదు, చూసుకుని వాడండి.

ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చునేది కూడా ఆ సౌండ్ సారే. లెవ్ కులెషోవ్ అనే రష్యన్ దర్శకుడు వందేళ్ల కిందట చేసిన ప్రయోగం చూపించారు, ఒకే నటుడి ముఖం, దాని తర్వాత సూప్ గిన్నె షాట్ పెడితే చూసేవాళ్లకి ఆ ముఖంలో ఆకలి కనపడుతుంది, శవపేటిక పెడితే దుఃఖం. ఇది పుస్తకాల్లో ఉండేదే. నాకు నచ్చింది ఆయన సొంత పద్ధతి. మేం కట్ చేసిన మొదటి వెర్షన్‌ని టీ తెచ్చిన అబ్బాయికి చూపించి 'ఏం చూశావురా' అని అడిగారు. 'అక్క ఇంటికొచ్చింది, ఫోన్ మాట్లాడింది, కరెంట్ పోయింది' అన్నాడు. చెప్పుల మాటే లేదు. కథ తెలిసిన మాకు ఒక సెకను షాటే చాలా ఎక్కువ, తెలియనివాడికి అది కంట్లోనే పడలేదు. షాట్‌ని మూడు సెకన్ల దాకా లాగి, అమ్మాయి తన చెప్పులు విడుస్తూ ఆ బురద చెప్పుని కాలితో పక్కకి నెట్టే టేకు వాడించారు, అప్పుడు అందరికీ పట్టింది. స్లోమోషన్ పెట్టలేదు, జూమ్ పెట్టలేదు, ఢాం అనే సౌండూ లేదు.

టైటిల్స్ దగ్గర మళ్లీ చిరాకు. వాళ్ల దగ్గరున్న టెంప్లేట్లన్నీ ఇంగ్లిష్‌వి, తెలుగులో వేస్తామంటే 'ఒత్తులు విడిపోతాయమ్మా, ఇంగ్లిష్‌లో వేసేయండి' అన్నారు. విడిపోయిన మాట నిజమే, ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా టైప్ చేస్తే ఒత్తులూ గుణింతాలూ చెల్లాచెదురవుతాయి. కానీ ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్ అని ఉంటుంది, దాన్ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ అన్నదానికి మారిస్తే సరిపోతుంది. ఫాంట్లకేం కొదవ, గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, సూరన్న, ధూర్జటి, గురజాడ ఇలా బోలెడున్నాయి ఉచితంగా. మేం వణికే అక్షరాలు వద్దనుకుని మండలి అనే ఫాంట్‌లో చిన్నగా, ఫ్రేములో ఖాళీగా ఉన్న మూల వేశాం. నిర్మాణం ముందు, నటీనటులు, కెమెరా, ఎడిటింగ్, చివరగా దర్శకత్వం, ఆ వరస మాత్రం మార్చకండి, చూసేవాళ్లు ఆ వరసకి అలవాటు పడి ఉంటారు, దర్శకుడి పేరు పడిందంటే కథ మొదలవుతుందని తెలుసు. పేర్లు పడే చోట చూడాల్సిన వస్తువు ఏదీ పెట్టకూడదు, చదువుతూ చూడలేరు.

లొకేషన్ల క్లాసుకి సున్నా. అందరినీ వ్యాన్లో చిట్టినగర్ సొరంగం దగ్గరికి తీసుకెళ్లి, ఇక్కడ తీయండి బావుంటుంది అన్నారు. బావుంటుంది నిజమే, కానీ ట్రాఫిక్ ఆగదు, అనుమతి ఎవరిదీ తీసుకోలేదు, నాలుగు గ్రూపులకీ అదే సొరంగం. ఇంకో గ్రూపు కుర్రాడు ప్లాస్టిక్ కత్తి పట్టుకుని కాలవ గట్టున పరిగెడుతుంటే అటు వెళ్తున్నవాళ్లు బండ్లు ఆపి పట్టుకున్నారు, సర్దిచెప్పేసరికి సాయంత్రం అయింది, వెలుతురు పోయింది. బొమ్మ కత్తి, బొమ్మ తుపాకి ఏదైనా సరే రోడ్డు మీద బయటికి తీయకండి. రైల్వే స్టేషన్లో తీయాలంటే రైల్వే వాళ్ల అనుమతి కావాలి, ఫోన్లో దొంగచాటుగా తీసేద్దాం అని చూడకండి. మన ఊళ్లో అంతకన్నా మంచివి ఉన్నాయి. కొండల మీద ఇళ్లకి వెళ్లే ఆ ఇరుకు మెట్లు చూడండి, గుణదల దగ్గరైనా వన్ టౌన్‌లో అయినా, పైన నిలబడి కిందకి కెమెరా పెడితే క్రేన్ లేకుండానే టాప్ యాంగిల్ వచ్చేస్తుంది, కింద నుంచి ఎక్కేవాడికి పైన ఎవరున్నారో కనపడదు. ఆ ఇళ్లవాళ్లని ముందు అడగండి, కుర్చీలు వేసి కూర్చోబెడతారు.

రామ్ గోపాల్ వర్మ ఈ ఊళ్లోనే, సిద్ధార్థలోనే ఇంజినీరింగ్ చదివాడు అన్న మాట ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుందట, మా దాంట్లో రెండుసార్లు వచ్చింది. అది విని చేరేవాళ్లు కూడా ఉంటారు. ఈ కోర్సు మిమ్మల్ని సినిమాల్లోకి తీసుకెళ్లదు, చివరి రోజు ఇండస్ట్రీ నుంచి ఒకరొచ్చి చూస్తారని బ్రోచర్లో వేశారు, ఎవరూ రాలేదు, ఫోన్ చేస్తే షూటింగ్‌లో ఉన్నారని చెప్పారు. తల్లిదండ్రులు వచ్చారు, మా పెద్దమ్మ మొత్తం చూసి 'నా కుక్కర్ అంత నల్లగా ఉందా' అని అడిగింది.

ఎవరికి పనికొస్తుంది అంటే, మాస్ కామ్, విజువల్ కమ్యూనికేషన్ చదివేవాళ్లకి, ఫోన్లో ఇప్పటికే రెండు మూడు వీడియోలు తీసి, ఎందుకు బాలేదో అర్థంకానివాళ్లకి. పూర్తిగా కొత్తవాళ్లయితే ముందు ఫోన్లో తీసి, డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో కట్ చేసి, చేతులు కాల్చుకుని రండి, అప్పుడు ఆ సౌండ్ సార్ చెప్పేది తలకెక్కుతుంది. సర్టిఫికెట్ కోసమైతే వద్దు, మా కాలేజీలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, వీడియో మాత్రం చూశారు.

చేరేటప్పుడు ఫీజు కట్టే ముందు మూడు అడగండి: గ్రూపుకి కెమెరా ఎన్ని గంటలు ఇస్తారు, సౌండ్ క్లాసు ఆ పాత సారే తీసుకుంటున్నారా, రా ఫుటేజ్ (కట్ చేయకముందు తీసినదంతా) మనకి ఇస్తారా. మూడోది ముఖ్యం, కోర్సు అయిన వారానికి సిస్టంలో అన్నీ చెరిపేస్తారు, చివరి ఆదివారం మీ హార్డ్ డిస్క్ మీరే తీసుకెళ్లండి, మామూలు పెన్‌డ్రైవ్‌లో పట్టదు. బండి కింద సందులో పెట్టకండి, ఎదురింటాయన గాలి తీసేస్తాడు.